ట్యాంకు దిక్కు, బస్సు దిక్కు

ఈ కథ పూర్తయ్యాక మీరు నన్ను డాన్సు టీచరంటారో, ట్రాఫిక్ కానిస్టేబులంటారో మీ ఇష్టం. నేను మాత్రం ముందే చెప్పేస్తున్నాను. ఒక స్కూలు వార్షికోత్సవాన్ని, దానికి వచ్చిన జనాన్ని, చీఫ్ గెస్టును, షామియానా వాళ్ళ కుర్చీలను, ఒక పసుపుపచ్చ బస్సును కలిపి పిండిమరలో పోసినట్టు తిప్పిన ఘనత నాది. వానలు రాక కరువు పాలైన ఊళ్ళు మా సీమలో చాలానే ఉన్నాయి. కుడిచెయ్యి ఏదో తెలియక ప్రళయం పాలైన ఊరు మాత్రం, నాకు తెలిసి, కల్లూరు ఒక్కటే.

మాది ఎమ్మిగనూరు. నేత కుటుంబం. మా నాన్న మగ్గం గుంతలో కూర్చుని పొద్దస్తమానం కాళ్ళు ఆడించే మనిషి. నేను యూనివర్సిటీలో డాన్సు చదువుతానంటే ఆయన నూలు కండె పక్కన పెట్టి నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"కాళ్ళాడించేదానికి యూనివర్సిటీకి పోవల్లనామ్మా? ఈ గుంతలో దిగు, నేను నేర్పిస్తా."

"అది వేరే నాన్నా. అది కళ."

"ఇదేంది మరి, కొలువా?"

అయినా పోయాను, చదివాను, పట్టా పుచ్చుకున్నాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని పెద్దలు అంటారు. నా విషయంలో మతి భద్రంగానే ఉంది, పోయినవి కుడి ఎడమలు.

ఎట్లా పోయాయంటారా? మా డాన్సు హాల్లో ఒక గోడ నిండా అద్దం ఉండేది. మా మేడం ఆ అద్దం వైపు తిరిగి ముందు నిలబడేది, మేమంతా ఆమె వెనక నిలబడేవాళ్ళం. ఆమె కుడి మా కుడి, ఆమె ఎడమ మా ఎడమ. చదివినన్నాళ్ళూ నేను చూసింది ఆమె జడను. జడ ఎటు ఊగితే అటు ఊగాను, మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఏదో ఒక రోజు నేనే జనానికి ఎదురుగా తిరిగి నేర్పాల్సి వస్తుందన్న సంగతి ఆ జడ నాకు ఎప్పుడూ చెప్పలేదు.

ఆ రోజు కల్లూరులో వచ్చింది. కొత్త ఇళ్ళ మధ్య లేచిన ఒక ప్రైవేటు స్కూల్లో డాన్సు టీచరు కావాలంటే వెళ్ళాను. అక్కడి హెడ్‌మిస్ట్రెస్ గ్రేసమ్మ మేడం. ఆమె లెక్కల టీచరు కూడా. ఆదివారం చర్చిలో పాటల బృందాన్ని నడిపించేది ఆమేనట. బృందంలో ఎవరైనా రెప్పపాటు ఆలస్యంగా గొంతెత్తితే ఆమె కళ్ళద్దాల మీదుగా ఒక చూపు చూస్తుంది. ఆ చూపుకు గొంతు దానంతట అదే మూసుకుపోతుంది. అదే చూపుతో నన్ను కూర్చోమంది.

"చూడు సరోజా, నేను ఉన్నమాట చెప్తా. తల్లిదండ్రులు డాన్సు కావల్లంటాండారు. నాకేమో లెక్కల పిరియడ్లు చాలడం లేదు. వార్షికోత్సవం దాకా నీకు డాన్సు పిరియడ్ ఇస్తా. ఆ రోజు పిల్లోల్లు బాగా చేసినారా, డాన్సు ఉంటాది. లేదా, ఆ పిరియడ్ లెక్కలకు పోతాది."

"మరి నేనెక్కడికి పోతాను మేడం?"

"నువ్వు ఎమ్మిగనూరుకు పోతావు."

లెక్క తేలిపోయింది.

మొదటి రోజు పై అంతస్తులోని హాల్లో, ఐదో తరగతి ఆడపిల్లలకు ఎదురుగా నిలబడ్డాను. గజ్జెలు కట్టుకున్నాను, కొంగు బిగించాను. "కుడికాలు!" అని గంభీరంగా చెప్పి నా కుడికాలు ఎత్తాను. సగం మంది నేను చెప్పింది విని కుడికాలు ఎత్తారు. మిగతా సగం నేను చూపించింది చూసి, నా కాలికి ఎదురుగా ఉన్న తమ కాలు, అంటే ఎడమకాలు ఎత్తారు. పక్కపక్కన ఉన్నవాళ్ళ కాళ్ళు ఒకదానికొకటి తగులుకుని, మొదటి వరుస మొత్తం ఈత చాప చుట్టినట్టు చుట్టుకుపోయింది.

ఆ చాపలోంచి ఒక పిల్ల తల పైకెత్తింది. పేరు చైత్ర. ప్రశ్న అడగందే అన్నం సహించని పిల్ల.

"మేడం, మీరు చెప్పింది చేయల్లనా, చూపించింది చేయల్లనా?"

"రెండూ ఒకటే కదే!"

"కాదు మేడం."

నా కాలు చూసుకున్నాను. దాని కాలు చూశాను. మళ్ళీ నాది చూసుకున్నాను. నా జీవితంలో నా కాలిని అంత అనుమానంగా చూడటం అదే మొదటిసారి.

సరే, తెలివి వాడదామనుకున్నాను. మరుసటి క్లాసులో, నోటితో "కుడి" అంటూ నేను మాత్రం ఎడమకాలు ఎత్తడం మొదలుపెట్టాను. ఎదురుగా ఉన్న పిల్లలకు అది సరిగ్గా కనపడాలి కదా! కనపడింది కూడా. కానీ చైత్ర చెయ్యెత్తింది.

"మేడం, అబద్ధం చెప్తాండారు. అది మీ ఎడమకాలు."

"అది నాకు ఎడమ, మీకు కుడి."

"మీ కాలు మాకు కుడి ఎట్లయితాది మేడం?"

పిల్లలంతా నా మొహంలోకి చూస్తున్నారు. ఈలోగా నా బుర్రలో ఏదో మర ఊడింది. ఒక దాన్ని ఇంకో పేరుతో పిలిచీ పిలిచీ, సాయంత్రానికి నాకు ఏది ఏదో తెలియకుండా పోయింది. నా అద్దె గదికి షేర్ ఆటోలో పోతూ డ్రైవరుకు కుడివైపు చెయ్యి చూపించి "ఎడమకు తిప్పన్నా" అన్నాను. అతను బండి ఆపేసి నా వైపు తిరిగాడు.

"అక్కా, నీ నోరు ఒక పక్క పోతాంది, చెయ్యి ఒక పక్క పోతాంది. నేను యాదాని ఎనక పోవల్ల?"

ఆటోలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకంటే ఏడుపుకూ నవ్వుకూ కూడా తేడా తెలియని స్థితిలో ఉన్నాను.

ఆ తర్వాత మా యూనివర్సిటీ మేడంలాగా పిల్లలకు వీపు పెట్టి నేర్పాను. అద్దం ఉన్న హాల్లో వీపు పెడితే అది గురుకులం. అద్దం లేని హాల్లో వీపు పెడితే అది ఇంటర్వెల్. నేను ఒక చరణం మొత్తం కళ్ళు మూసుకుని, తన్మయంగా ఆడి వెనక్కి తిరిగేసరికి ఇద్దరు మురుకులు తింటున్నారు, ఒకతె నిద్రపోతోంది, మిగతావాళ్ళు తొక్కుడుబిళ్ళ ఆడుతున్నారు. చైత్ర ఒక్కతే నిలబడి ఉంది. "మేడం, మీ జడ శానా బాగుండాది" అంది.

వార్షికోత్సవం దగ్గరికొస్తోంది. పిల్లలకు అడుగులు రావడం లేదు. నా కలల్లో గ్రేసమ్మ మేడం లెక్కల పుస్తకం పట్టుకుని డాన్సు హాల్లోకి వస్తోంది. అట్లాంటి ఒక మధ్యాహ్నం, దిక్కులేనట్టు కిటికీల్లోంచి బయటికి చూశాను. దిక్కులు దొరికాయి!

తూర్పు మొగంగా నిలబడే పిల్లల కుడిచేతి పక్క కిటికీలోంచి, కాంపౌండు గోడ అవతల ఎత్తైన నీళ్ళ ట్యాంకు కనిపిస్తోంది. ఎడమచేతి పక్క కిటికీలోంచి, వేపచెట్టు కింద ఎప్పుడూ నిలిపి ఉండే స్కూలు బస్సు కనిపిస్తోంది. ట్యాంకు ట్యాంకే. నాకు ట్యాంకైతే వాళ్ళకు బస్సవదు. నేను ఎటు తిరిగినా, వాళ్ళు ఎటు తిరిగినా దాని పేరు మారదు.

"పిల్లలూ! ఈ రోజు నుంచి కుడీ లేదు, ఎడమా లేదు. ఉన్నవి రెండే. ట్యాంకు దిక్కు, బస్సు దిక్కు!"

అద్భుతం జరిగింది. "ట్యాంకు!" అంటే ఒక్క మనిషిలాగా ట్యాంకు వైపు వంగారు. "బస్సు!" అంటే ఒక్క కాలిలాగా బస్సు వైపు అడుగేశారు. నేను కట్టిన పాట వాన పాట. మొదటి చరణంలో పిల్లలు ట్యాంకు దిక్కుకు వంగి ఖాళీ బిందెలు చూపించాలి. రెండో చరణంలో వెనక వరుస బస్సు దిక్కుకు అడుగులేసుకుంటూ పోవాలి. చివర్లో అందరూ కలిసి గుండ్రంగా తిరగాలి. ప్లాస్టిక్ బిందెలకు బంగారు రంగు వేయించాను. పిల్లల ఉత్సాహం చూస్తే నాకే గజ్జెలు ఊడిపోయేటంత ఆనందం వేసింది.

ఒక రోజు గ్రేసమ్మ మేడం వచ్చి తలుపు దగ్గర నిలబడి చూసింది. ఆమె పెదవుల మీద నవ్వు లాంటిదేదో మెదిలింది.

"పర్వాలేదే సరోజా! కుడి ఎడమ భలే వచ్చినాయే పిల్లోల్లకి!"

నేను నిజం చెప్పొచ్చు కదా? చెప్పలేదు. చేతులు జోడించి, "అంతా మా గురువుల దయ మేడం" అన్నాను. గర్వం మనిషికి కళ్ళు నెత్తికి తెస్తుందంటారు. నాకు ట్యాంకు మీదికి తెచ్చింది.

వార్షికోత్సవం ముందు రోజు షామియానా వాళ్ళు స్టేజీ కడుతుంటే మేడం నన్ను పిలిపించింది.

"సరోజా, పోయినసారి మాదిరి స్టేజీ తూర్పు మొగం పెడితే సాయంత్రం ఎండ చీఫ్ గెస్టు కండ్లల్లో కొడ్తాది. అందుకే పడమటి మొగం తిప్పుతాండాం. నీ పిల్లోల్లకు ఏమన్నా ఇబ్బందా?"

నేను కొంచెం తల వెనక్కి వాల్చి, గాలిలో ఒక ముద్ర పట్టి చెప్పాను:

"స్టేజీ ఎటు తిరిగితే ఏం మేడం? కళాకారులకు దిక్కులుండవు."

పాఠకులారా, ఈ వాక్యాన్ని దయచేసి ఇంకోసారి చదవండి. నేను రోజూ నిద్ర లేచాక ఒకసారి తల్చుకుని చెంపలు వేసుకుంటాను.

సాయంత్రం అయింది. మైదానం నిండిపోయింది. ఆలూరు నుంచి చైత్ర వాళ్ళ అవ్వ కూడా వచ్చింది. మా నాన్న మగ్గం ఆపి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, అమ్మను వెంటబెట్టుకుని వచ్చి రెండో వరుసలో కూర్చున్నాడు. ముందు సోఫాలో చీఫ్ గెస్టు, పక్కన గ్రేసమ్మ మేడం. చీఫ్ గెస్టు రిటైరైన పెద్ద ఆఫీసరు. కరువు రోజుల్లో పల్లెలన్నీ తిరిగినవాడని మైకులో పరిచయం చేశారు.

పిల్లలు బంగారు బిందెలతో స్టేజీ మీదికొచ్చి, చక్కగా జనం వైపు తిరిగి నిలబడ్డారు. జనం చప్పట్లు కొట్టారు. నేను తెర పక్కన చేతులు కట్టుకుని, లోపల్లోపల సన్మానం చేయించుకుంటున్నాను.

ముందు వరుసలో ఉన్న చైత్ర అలవాటు ప్రకారం ట్యాంకు కోసం కుడిచేతి పక్కకు చూసింది. అక్కడ బస్సు ఉంది. ఉలిక్కిపడి ఎడమచేతి పక్కకు చూసింది. అక్కడ ట్యాంకు ఉంది. ఒక్క క్షణం ఆ పిల్ల మొహంలో, పొద్దున్నే లేచేసరికి ఇంటి వాకిలి పెరట్లోకి పోయిందని తెలిసిన మనిషికి ఉండే కంగారు కనిపించింది. తర్వాత బుద్ధిమంతురాలు కాబట్టి దాన్ని సరిచేసింది. "ట్యాంకు ఈపక్క!" అని గుసగుసలాడి గిరుక్కున వెనక్కి తిరిగింది. ట్యాంకు కుడిపక్కకు వచ్చేసింది. దాన్ని చూసి అందరూ తిరిగారు.

పాట మొదలైంది. పిల్లలందరూ జనానికి వీపులు పెట్టి, వెనక తెర మీద బొమ్మ వేసిన నెమలికి ఎదురుగా, ప్రాణం పెట్టి ఆడటం మొదలుపెట్టారు.

నా కాళ్ళ కింద మగ్గం గుంత తెరుచుకున్నట్టయింది. తెర పక్క నుంచి గొంతు తగ్గించి అరిచాను.

"చైత్రా! తిరుగు! అందరూ తిరగండి!"

మా డాన్సు భాషలో "తిరగండి" అంటే పూర్తిగా ఒక చుట్టు. అదీ నేను నేర్పిందే. పిల్లలు బిందెలు జారకుండా నిండు చుట్టు తిరిగి, మళ్ళీ నెమలికే మొహం పెట్టారు. జనం చప్పట్లు కొట్టారు.

"అట్ల కాదు! ఎనక్కి తిరగండి!"

ఇంకో చుట్టు. ఇంకా చప్పట్లు.

"ఇటు! ఇటు తిరగండే!"

చైత్ర ఆట ఆపకుండానే, బిందె వంపుతూ నన్ను అడిగింది: "ఇటంటే ట్యాంకు దిక్కా, బస్సు దిక్కా మేడం?"

ఆ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిసి ఉంటే నేనీ రోజు ఏదైనా యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్ని. నేను ట్యాంకు చూశాను, బస్సు చూశాను, నా చేతులు చూసుకున్నాను. "ట్యాంకు... కాదు, బస్సు... ఉండు, ఉండు!" అన్నాను. పిల్లలు ట్యాంకుకు ఒకసారి వంగి, బస్సుకు ఒకసారి వంగి, ఉండమన్నాను కాబట్టి కాస్త ఆగి, మళ్ళీ మొదలుపెట్టారు. ఆడలేక మద్దెల ఓడన్నారట. ఆడించలేక నేను ఎవరి మీద నేరం మోపాలి? ట్యాంకు మీదా?

అప్పుడు జనంలోంచి చైత్ర వాళ్ళ అవ్వ లేచింది.

"ఇదేందప్పా ఇది! దుడ్లు పెట్టి పావడ కుట్టిచ్చింది దాని వీపు చూసేదానికా? మొగం యాడుండాది?"

"మొగం ఆపక్క ఉండాదవ్వా" అన్నారెవరో నవ్వుతూ.

"ఆపక్కుంటే ఆపక్కకే పోదాం! మన కాళ్ళేమన్నా కట్టేసినారా?"

అవ్వ చీరకుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని స్టేజీ చుట్టూ తిరిగి వెనక్కి పోయింది. కాసేపటికి నెమలి బొమ్మ కింద తెర కదిలింది. అవ్వ తల బయటికొచ్చింది. "ఓ చైత్రా! ఈడుండావా బంగారూ!" అని ఒక కేక. ఆ తర్వాత, తెరకు కట్టిన తాళ్ళు ఒక్కొక్కటే ఊడిపోయాయి. నెమలి తలకిందులుగా కూలింది.

ఇంక చూడండి! ఫోన్లు పట్టుకున్న తల్లిదండ్రులంతా ఒక్కసారిగా లేచారు. ఊరికే లేవలేదు, కుర్చీలతో సహా లేచారు. "జరగప్పా", "నా కుర్చీ నాదప్పా", "నీ బిడ్డ కనపడతాంది కదా, నా బిడ్డను కూడా కనపడనీ" అనుకుంటూ ఊరంతా వలస పోయినట్టు స్టేజీ వెనక్కి పోయి కూర్చుంది. ఇవతల పక్క మిగిలింది సోఫాలో చీఫ్ గెస్టు, గ్రేసమ్మ మేడం, వాళ్ళ వెనక వరుసలో కదలకుండా కూర్చున్న మా నాన్న. మా అమ్మ కూడా అటు పోయింది.

గ్రేసమ్మ మేడం కళ్ళద్దాల మీదుగా నా వైపు చూసింది. నేను తెర చాటుకు పోదామనుకున్నాను. తెర లేదు.

పోనీ, ఇంతటితో సద్దుమణిగేది. పిల్లల మొహాలకు ఎదురుగా జనం ఉన్నారు, పాట నడుస్తోంది. "ఒడ్డున పడ్డానురా దేవుడా" అనుకున్నాను. కానీ మన కష్టాలకు మంచివాళ్ళు కూడా చెయ్యి వేస్తారు. ఆ మంచివాడు బస్సు డ్రైవరు మస్తాన్. వెనక్కి వచ్చిన జనం కుర్చీలు వేసుకోవడానికి జాగా చాలక బస్సుకు ఆనుకుంటుంటే చూసి జాలిపడ్డాడు.

"జరా ఆగండప్పా, బండి తీస్తా. అందరూ నిమ్మళంగా కూచోండి."

బస్సు కదిలింది.

సరిగ్గా అప్పుడే రెండో చరణం మొదలైంది. వెనక వరుస బస్సు దిక్కుకు అడుగులేసుకుంటూ పోవాలి. పోయారు. బస్సు ముందుకు పోతోంది. వాళ్ళూ పోయారు. స్టేజీ అంచు వచ్చింది. మెట్లు ఉన్నాయి, దిగారు. నడుము మీద బిందె, పెదవుల మీద చిరునవ్వు, తాళం తప్పని అడుగు. బస్సు వేపచెట్టు దాటి మైదానం మధ్యలోకి వచ్చింది. వెనకే పిల్లల వరుస. వాళ్ళ వెనక వాళ్ళ తల్లిదండ్రులు, ఫోన్లు పైకెత్తి, కుర్చీలు చంకన పెట్టుకుని.

మస్తాన్ అద్దంలో చూసుకున్నాడు. తన వెనక బంగారు బిందెలు, ఆ వెనక ఊరు. భయపడి బస్సు ఆపేశాడు.

"నేనేం తప్పు చేసినా మేడం?" అని కిటికీలోంచి తల బయటపెట్టి కేకేశాడు. "నా ఎనక ఎందుకు పడినారు?"

స్టేజీ మీద మిగిలిన ముందు వరుసకు చివరి చరణం వచ్చేసింది. అందరూ కలిసి గుండ్రంగా తిరగాలి. మిగతా సగం మంది మైదానంలో ఉన్నారు. చైత్ర ఒక్క నిమిషం ఆలోచించి, తన వరుసను వెంటబెట్టుకుని మెట్లు దిగింది. మైదానం మధ్యలో అందరూ కలిశారు. గుండ్రంగా నిలబడ్డారు. ఆ గుండ్రం మధ్యలో బస్సు ఉంది. బస్సు చుట్టూ తిరిగారు! మస్తాన్ కంగారులో హారన్ మీద చెయ్యి పెట్టాడు. హారన్ తాళానికి సరిపోయిందని నేనంటే మీరు నమ్మరు, కాబట్టి అనను.

పాట ఆగింది. స్టేజీ ఖాళీగా, ఒక పక్కకు పడిపోయిన నెమలితో, నా భవిష్యత్తు మాదిరి ఉంది.

చీఫ్ గెస్టు సోఫాలోంచి లేచాడు. మెల్లగా బస్సు దాకా నడిచాడు. గ్రేసమ్మ మేడం, ఆమె వెనక నేను. మేడం అప్పటికే "సార్, క్షమించాల" అని మొదలుపెట్టింది. ఆయన చెయ్యెత్తి ఆపి, మైకు తెమ్మన్నాడు. కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

"నేను శానా స్కూళ్ళ ప్రోగ్రాములు చూసినా. ఇట్లాంటిది చూడలే. పిల్లలు మనకు వీపు పెట్టినారు. ఎందుకు? నీళ్ళు లేని ఊళ్ళకు మనందరం వీపు పెట్టినాం కాబట్టి! ఖాళీ ట్యాంకుకు ఖాళీ బిందెలు చూపించినారు. నీళ్ళు రాలే. ఏం చేస్తారు? బిందె సంకనేసుకుని బస్సు ఎనక పడినారు. వలస! మా ఆలూరు పక్క ఊళ్ళు ఊళ్ళే ఇట్ల బస్సెక్కి పోయింది నేను ఈ కండ్లతో చూసినా."

జనంలోంచి అవ్వ గొంతు వినిపించింది.

"అవునప్పా. మేమూ అట్లే పోయినాము. ఇట్లే బస్సు నిండా."

ఆయన నా వైపు తిరిగాడు. "ఈ ఆలోచన ఎవరిదమ్మా? నీదేనా?"

నేను నోరు తెరిచాను. లోపల నిజం ఒకటి, అబద్ధం ఒకటి, రెండూ ఒకేసారి బయటికి రాబోయి గొంతులో ఇరుక్కున్నాయి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయన దాన్ని కళాకారుల వినయం అనుకుని నా తల మీద చెయ్యి పెట్టాడు. అవ్వ వచ్చి నా బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది. ఆ మెటికలు నన్ను ఇంకా పొడుస్తూనే ఉన్నాయి, ఎందుకంటే ఆ తల్లి వలస నిజం, నా కళే దొంగది.

అందరూ పోయాక మా నాన్న దగ్గరికి వచ్చాడు.

"నాన్నా, నువ్వెందుకు ఆపక్కకు రాలేదు?"

"ఎందుకమ్మా? చీర కొనేటోల్లు ముందరపక్క చూస్తారు. మేము ఎనకపక్క తిప్పి చూస్తాం. ఎనకపక్క తేలిన పోగులు లేకుంటే నేత మంచిదని. నీ పిల్లోల్ల అడుగులు ఎనకనుంచి కూడా బాగుండాయి." గొంతు తగ్గించాడు. "అదట్ల ఉండనీ. ఆ బస్సు నిజంగా డాన్సులోదేనా?"

"కాదు నాన్నా."

"అనుకున్నా" అని ఒక్క మాట అన్నాడు. ఎమ్మిగనూరు బస్సెక్కేదాకా నవ్వుతూనే ఉన్నాడని అమ్మ తర్వాత చెప్పింది.

మరుసటి రోజు గ్రేసమ్మ మేడం గదికి పిలిచింది. తలుపు వేసింది.

"వలసనా?"

"అవును మేడం."

"చర్చికి పోయే మనిషిని నేను. నాకాడ అబద్ధం చెప్పొద్దు."

"మస్తానన్న బస్సు తీస్తాడని అనుకోలేదు మేడం."

ట్యాంకు కథంతా చెప్పేశాను. ఆమె కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. భుజాలు కదులుతున్నాయి. కోపమనుకున్నాను. కాసేపటికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు తెలిసింది, ఆమెకు నవ్వు ఆగడం లేదని.

"పొద్దున్నుంచి తల్లిదండ్రుల ఫోన్లే. వాళ్ళ పిల్లోల్లకు కూడా బస్సు డాన్సు కావల్లంట. డాన్సు పిరియడ్ ఉంటాది. కానీ పద్ధతి నేను చెప్తా. లెక్కల మనిషి చేస్తే తప్పు రాదు."

ఆ రోజు డాన్సు క్లాసుకు ఆమే ఎర్ర రిబ్బన్లు పట్టుకుని వచ్చింది. పిల్లలను వరుసగా నిలబెట్టి, ఒక్కొక్కరికీ ఎదురుగా నిలబడి, చెయ్యి చాపమని, మణికట్టుకు రిబ్బను కట్టుకుంటూ పోయింది. "ఇది కుడి. యా ఊరికి పోయినా కుడే. స్టేజీ తిప్పినా, ఊరు తిప్పినా కుడే." చివరికి నా దగ్గరికి వచ్చింది. "నువ్వు కూడా చాపు." చాపాను. గట్టిగా ముడి వేసింది.

"ఇంగ నీ జన్మలో తప్పు రాదు" అని తృప్తిగా చూసింది.

నేను రిబ్బను చూసుకున్నాను. అది నా ఎడమచేతికి ఉంది. పిల్లల వైపు చూశాను. అందరికీ ఎడమచేతికే ఉంది. ఎదురుగా నిలబడి, తన కుడిచేతికి నేరుగా ఉన్న చెయ్యే కుడి అనుకుని, ఆ మహాతల్లి మొత్తం తరగతిని ఎడమ చేసేసింది.

"మేడం, ఇది..." అని చైత్ర మొదలుపెట్టింది.

నేను చైత్రను చూశాను. ఎమ్మిగనూరును తల్చుకున్నాను. "బాగుంది కదా రిబ్బను!" అని గట్టిగా అన్నాను. చైత్ర నోరు మూసుకుంది. ఆ ఏడాదంతా మా డాన్సు హాల్లో ఎడమచెయ్యి కుడిచెయ్యిగా ఉద్యోగం చేసింది, ఒక్క అడుగు తప్పలేదు.

అప్పుడు చేసుకున్నాను శపథం. తుంగభద్ర సాక్షిగా, నా గజ్జెలు సాక్షిగా, ఇకమీదట ఈ నోటితో ఏ మనిషికీ ఏ దిక్కూ చూపించను. మొన్న కర్నూలు బస్టాండులో ఒక పెద్దామె నా చెయ్యి పట్టుకుని, "యమ్మా, పెద్దాసుపత్రికి యా పక్క పోవల్ల?" అని అడిగింది. నేను రెండు చేతులూ వెనక్కి కట్టేసుకుని తల వంచి చెప్పాను:

"అమ్మా, నీ మేలు కోరి చెప్తాండా. నేను డాన్సు టీచర్ని. ఇంకెవరినన్నా అడుగు."